ఆ కొండలో పని చేయాలంటే…

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక అమెరికా, రష్యా అణ్వాయుధ ప్రయోగశాలలు కలిసి పనిచేశాయని చదివి, తానూ ఆ దారిలోనే వెళ్తానంటోంది. అలాంటి ఉద్యోగం అసలు ఉంటుందా?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: ఆ పేరుతో నోటిఫికేషన్ రాదండీ. అలాగని మీ అమ్మాయి కడుతున్నది గాలిమేడ కాదు.

1992 ఫిబ్రవరిలో అమెరికా అణ్వాయుధ ప్రయోగశాల లాస్ అలమోస్ డైరెక్టర్ సిగ్‌ఫ్రిడ్ హెకర్ రష్యాలోని సరోవ్‌లో దిగారు. అణ్వాయుధ ప్రయోగశాల ఉన్నందున సోవియట్ పటాల్లో కనిపించకుండా దాచిన ఊరది. తొలి సోవియట్ అణుబాంబుకు సారథ్యం వహించిన యూలీ ఖరితోన్, ఎనభై ఎనిమిదో ఏడు నిండబోతున్న వయసులో, ఆయనకు స్వాగతం పలికారు. మరుసటి ఏడాదే రెండు ప్రయోగశాలలూ అక్కడ తీవ్రమైన అయస్కాంత క్షేత్రాలపై ఉమ్మడి ప్రయోగం చేశాయి.

నన్ను ఇంతకన్నా కదిలించేది కజకిస్తాన్‌లోని దెగెలెన్ కొండ. సోవియట్ అణుపరీక్షలు జరిగిన సొరంగాలు అందులో ఉన్నాయి. సోవియట్ యూనియన్ విడిపోయాక, పూట గడవని స్థానికులు పాత రాగి తీగల కోసం వాటిని తవ్వడం మొదలుపెట్టారు. లోపల బాంబుకు పనికొచ్చే ప్లుటోనియం మిగిలి ఉంది! ఎక్కడ ఏముందో రష్యన్లకు తెలుసు, ఖర్చు అమెరికా పెట్టుకుంది, నేల కజకులది. ఆ ప్లుటోనియం ఎవరి చేతికీ చిక్కకుండా భద్రపరిచే పనిని మూడు దేశాల వారూ ఏళ్ల తరబడి శ్రమించి 2012 నాటికి ముగించారు. ఇలాంటి పనికి పనికిరావాలని ఒక అమ్మాయి కోరుకుంటే ఆపకండి.

అయితే ఒక మాట దాచకూడదు. 2014లో ఉక్రెయిన్‌లోని క్రిమియాను రష్యా కలిపేసుకున్నాక ఆ సహకారం దాదాపు అడుగంటింది. దేశాల మధ్య స్నేహం మీద జీవనాధారం పెట్టుకోలేం. చేతిలో విద్య ఉండాలి.

ఐఐటీ జామ్ రాసి మంచి చోట ఎమ్మెస్సీ చేయనివ్వండి. తర్వాత భాభా అణు పరిశోధన కేంద్రం శిక్షణ పాఠశాల ఉంది. గేట్ స్కోరుతో ఇంటర్వ్యూకు పిలుస్తారు. ఏడాది శిక్షణ, స్టైపెండ్ ఉంటాయి. అక్కడ రహస్య నిబంధనలు గట్టివి, విదేశీయులతో కలిసి పనిచేయడం తన చేతుల్లో ఉండదు. ఆమె ఆశకు నిజంగా దగ్గరగా ఉన్నది వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థలో తనిఖీ అధికారి పని. అణు పదార్థం లెక్క ప్రకారం ఉందో లేదో వెళ్లి కొలిచి చూడటమే ఆ ఉద్యోగం. దానికి కొన్నేళ్ల అనుభవం కావాలి. అణురంగంలో మాస్టర్స్ చేసే అమ్మాయిలకు ఆ సంస్థే మేరీ క్యూరీ పేరిట ఫెలోషిప్ ఇస్తోంది, దాని మీద ఇప్పటినుంచే కన్నేసి ఉంచండి. భూకంప శాస్త్రం కూడా చిన్న దారేమీ కాదు, భూగర్భ అణుపరీక్షను పట్టిచ్చేది అదే. మన హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఆ శాస్త్రానికి పేరున్న చోటు.

ఈ వారం మాత్రం ఆమె ప్రాక్టికల్ రికార్డు ఒకసారి అడిగి చూడండి. అందులోని రీడింగులు తాను కొలిచినవా, పక్కవారి రికార్డులోంచి ఎక్కించినవా?