గుర్రానికి చెప్పుకున్న దుఃఖం

తమ్ముడికి,

నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. కొడుకు పోయిన తండ్రి గురించి రాయాలనుకున్నావు, సంతోషం. కానీ మొదటి పేజీ దాటకముందే ఆ తండ్రి నాలుగుసార్లు ఏడ్చాడు. అతనికంటే ముందే నువ్వు ఏడ్చావు. ఇక నేను ఏడవడానికి ఏం మిగిలింది?

రష్యన్ రచయిత చెహోవ్ 1886లో రాసిన ‘తోస్కా’ కథ చదువు. మన ‘దిగులు’ ఆ మాటకు దగ్గరగా వస్తుంది. అప్పటికి ఆయన ఇరవై ఆరేళ్ల వైద్యుడు. చెహోంతే అనే మారుపేరుతో పత్రికలకు చిన్న కథలు రాసేవాడు.

పీటర్స్‌బర్గ్‌లో మంచు కురుస్తున్న సాయంత్రం. ఇయోనా అనే ముసలి బండివాడు మంచులో తడిసి, తెల్లగా, కదలకుండా కూర్చున్నాడు. ఆ వారమే కొడుకు చనిపోయాడు. ఆ మాట చెప్పుకోబోతే బండెక్కిన సైనికాధికారి వినడు, తాగిన కుర్రాళ్లు వినరు, బసలో పక్కనున్న యువకుడు దుప్పటి కప్పుకుని నిద్రపోతాడు. కొడుక్కి జబ్బు ఎలా చేసిందో, పోయేముందు ఏమన్నాడో, అతని బట్టల కోసం తను ఆసుపత్రికి ఎలా వెళ్లాడో, అన్నీ వరసగా చెప్పాలని ఇయోనా మనసులో పేర్చుకుంటాడు. చివరికి, దాణాకు సరిపడా సంపాదన లేక ఎండుగడ్డి నములుతున్న తన గుర్రానికే చెప్పుకుంటాడు. కథ అక్కడితో ఆగిపోతుంది. ఎన్నిసార్లు చదివినా ఆ ఆసుపత్రి బట్టల దగ్గర నాకు గొంతు పూడుకుపోతుంది.

పాఠకుడికి జాలి కలగాలంటే రాసేవాళ్లు మనసు చల్లబరచుకోవాలని 1892లో అవీలొవా అనే రచయిత్రికి చెహోవ్ ఉత్తరం రాశాడు. అది రాతి గుండె మనిషి మాట కాదు. అంతకు రెండేళ్ల ముందు సైబీరియా అంతా దాటి, రష్యా ఖైదీలను పంపే సఖాలిన్ దీవికి వెళ్లి, మూడు నెలలపాటు ఇంటింటికీ తిరిగి, వేలమంది ఖైదీల, ప్రవాస శిక్ష పడినవాళ్ల వివరాలు కార్డుల మీద రాసుకున్నాడు. పేరు, వయసు, చదువు, పెళ్లి. ఒక్కొక్కరినీ అడిగి తెలుసుకున్నవాడికి విశేషణాలతో పని ఉండదని నా నమ్మకం.

తొల్‌స్తోయ్, దొస్తొయేవ్‌స్కీల దగ్గరకు తరువాత వెళ్దువుగాని. ముందు ఇది చూడు: నీ కథలో ఆ తండ్రి, గుమ్మం దగ్గర మిగిలిపోయిన కొడుకు చెప్పులను ఏం చేశాడో నువ్వు రాయలేదు. నాకు అది తెలియాలి. తిరగరాసి పంపు.

మీ అన్న