పద్నాలుగో రోజు దాకా ప్లేటు పారేయకు

పెరంబూర్, చెన్నై

చిరంజీవి లహరికి, అత్త ఆశీస్సులు.

బెంగళూరులో పీహెచ్‌డీ సీటు వచ్చిందని, ఎముకల ఇన్ఫెక్షన్లలో మందులకు లొంగని బ్యాక్టీరియా మీద పని అని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మొదటి ఏడాది ఏం చేయాలో చెప్పమని నువ్వు అడిగావు కదా, ఫోన్లో అయితే ఒకటి చెప్పి పది మరచిపోతాను, అందుకని రాస్తున్నాను. నేను ముప్పై ఏళ్లు ఆసుపత్రి ల్యాబులో బ్యాక్టీరియాని పెంచే ప్లేట్లు చూసినదాన్నే తప్ప రీసెర్చ్ చేసినదాన్ని కాదు. పేపర్లు ఎలా రాయాలో మీ గైడ్ చెబుతారు. శాంపిల్ సంగతి మాత్రం నన్నడుగు.

ముందు నా తప్పు చెప్పనీ. ఉద్యోగంలో చేరిన కొత్తలో నెల్లూరు వైపు నుంచి ఒక లారీ డ్రైవర్ వచ్చాడు. కాలి ఎముకకి రాడ్డు వేసి ఏడాదైంది, పక్కన చిన్న రంధ్రం పడి చీము కారుతోంది. ఆర్థో వాళ్లు ఎముక ముక్క పంపారు. 48 గంటలు చూశాను, ప్లేటు మీద ఏమీ లేదు. 'నో గ్రోత్' (ఏమీ పెరగలేదు) అని రాసి ప్లేట్లు ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రంలో, వేసేశాను, అప్పట్లో మా అలవాటు అదే. ఆ రిపోర్టు చూసి మందులు ఆపారు. నాలుగు నెలలకి మళ్లీ వచ్చాడు, ఈసారి రాడ్డే కదులుతోంది. మా పెద్ద మేడమ్ ప్లేట్లు ముట్టుకోవద్దన్నారు. మూడో రోజుకి సూదిమొనంత కాలనీలు, అంటే బ్యాక్టీరియా గుంపులు, కనబడ్డాయి. తీరా చూస్తే అది మామూలు స్టాఫిలోకాకస్ ఆరియస్సే! ఒక్క రాత్రిలో బంగారు రంగులో నిండిపోవాల్సిన బ్యాక్టీరియా అది.

వీటిని స్మాల్ కాలనీ వేరియంట్లు అంటారు, నీకు తెలిసే ఉంటుంది. ఎముకను కట్టే ఆస్టియోబ్లాస్టు కణాల్లోకి దూరి, ఖర్చు తగ్గించుకుని బతుకుతుంటాయి. బ్యాక్టీరియా లోపలికి జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్ వెళ్లాలంటే శక్తి కావాలి, ఆ శక్తిని తయారుచేసే దారినే ఇవి మూసుకుంటాయి. మందూ లోపలికి పోదు, ప్లేటు మీదా త్వరగా పెరగదు. కాబట్టి ఎముక శాంపిల్ ఏదైనా సరే 14 రోజులు ఉంచు. ఇంక్యుబేటర్‌లో చోటు లేదని సీనియర్లు సణుగుతారు. సణగనీ.

ఇక శాంపిల్ తీసే చోటు. ఎక్కువ రీసెర్చ్ పాడయ్యేది ఆపరేషన్ థియేటర్లోనే, మీ ల్యాబులో కాదు. అలవాటు కొద్దీ నర్సు ఎముక ముక్కని ఫార్మలిన్‌లో వేసేస్తుంది. పాపం ఆమె తప్పేం లేదు, బయాప్సీ అంటే ఫార్మలిన్ అని నేర్పారు. కానీ అందులో పడ్డాక బతికున్న బ్యాక్టీరియా ఒక్కటీ మిగలదు. అందుకే ముందురోజే నువ్వే వెళ్లి, స్టెరైల్ డబ్బాలు నీ చేత్తో ఇచ్చి, పేరు రాసి అంటించి రా. వేర్వేరు చోట్ల నుంచి ఐదు ముక్కలు అడుగు, ఒక్కోదానికి వేరే పరికరం. ఒకే బ్యాక్టీరియా రెండు ముక్కల్లో వస్తే నమ్ము, ఒక్కదానిలోనే వస్తే చర్మం మీది నుంచి వచ్చిందేమో అని అనుమానించు. చీము కారే రంధ్రం దగ్గర స్వాబ్ (దూదిపుల్లతో తుడిచిన శాంపిల్) తీసి ఇస్తాం సరిపోతుందా అంటారు, వద్దను. పైన తిరిగేది ఒకటి, ఎముకలో ఉన్నది ఇంకొకటి. పేషెంటు పరిస్థితి బాగుంటే, ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు యాంటీబయాటిక్ ఆపి ఉంచగలరా అని సర్జన్‌ని అడుగు, కానీ ఆ నిర్ణయం ఆయనదే. మీ ఆసుపత్రికీ ల్యాబుకీ మధ్య ట్రాఫిక్‌కి పేరుపడ్డ సిల్క్ బోర్డు జంక్షన్ ఉంటే మాత్రం ఆపరేషన్ టైం చూసుకుని ఆటో మాట్లాడుకో!

పేషెంటు ఒప్పుకుని సంతకం చేసే కన్సెంట్ ఫారం కన్నడంలో, ఇంగ్లీషులో ఉంటుంది. బెంగళూరు ఆసుపత్రులకి హిందూపురం, అనంతపురం, చిత్తూరు నుంచి మనవాళ్లు ఎంతమంది వస్తారో నువ్వే చూస్తావు. తెలుగు ఫారం ఒకటి తయారుచేసి ఎథిక్స్ కమిటీ దగ్గర ముందే ఒప్పించుకో. చివర్లో పెడితే మూడు నెలలు పోతాయి.

ఒక విషయంలో చాలామంది తడబడతారు. మందుకి చావలేదు కాబట్టి రెసిస్టెన్స్ (మందుకి లొంగకపోవడం) అని రాసేస్తారు. జీన్ మారి, మందు సమక్షంలో కూడా పెరగడం వేరు. నిద్రపోయినట్టు పడి ఉండి, మందు పోయాక లేవడం వేరు. ఈ రెండో రకాన్ని 1944లోనే జోసెఫ్ బిగ్గర్ పెన్సిలిన్‌తో గమనించి పెర్సిస్టర్లు అని పేరు పెట్టాడు. ప్లేటు మీద పెట్టిన మందు బిళ్ల (డిస్క్) చుట్టూ బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం (జోన్) బాగానే వస్తుంది, రిపోర్టులో 'సెన్సిటివ్' అని ఉంటుంది, పేషెంటుకి మాత్రం తగ్గదు. రాడ్డు మీద బయోఫిల్మ్, అంటే జిగురు పొర, కట్టిన బ్యాక్టీరియాకి ఎంత మందు కావాలో ఆ జోన్ చెప్పదు. అందుకని ఒక్కో స్ట్రెయిన్‌కి (శాంపిల్లో దొరికిన బ్యాక్టీరియా రకానికి) ఎంఐసీ, అంటే పెరగకుండా ఆపే అతి తక్కువ మందు మోతాదు, చూడు, బయోఫిల్మ్‌లో వేరుగా చూడు, మందు తీసేశాక మళ్లీ పెరుగుతుందా అన్నది కూడా చూడు.

చేరిన మొదటి వారంలోనే ఒక సరదా పని చెయ్యి. స్టాఫిలోకాకస్ వంద కోట్ల కణాలు రిఫాంపిసిన్ అనే యాంటీబయాటిక్ కలిపిన ప్లేటు మీద పరిచి మర్నాడు చూడు. కొన్ని కాలనీలు లేచి ఉంటాయి. ఒక్క జీన్‌లో ఒక్క మార్పు చాలు. ఎముకలోకి బాగా చేరే మందు అది, అయినా ఒంటరిగా ఎందుకివ్వరో నీకు కంటితో తెలుస్తుంది. మన చెన్నై చెట్‌పట్‌లో 1956లో మొదలైన క్షయ పరిశోధన కేంద్రంలో వెన్నెముక టీబీ మీద కూడా ట్రయల్స్ చేశారు, అన్నీ మందులు కలిపి ఇచ్చినవే.

ఇంకొకటి, బ్యాక్టీరియా చచ్చిందా అని మాత్రమే చూడకు, ఎముక కణాలు బతికాయా అనీ చూడు. ఆపరేషన్లో ఎముక దగ్గర వాడే సిమెంటులో కలిపి పెట్టే మందు ఆ చోట చాలా ఎక్కువ గాఢతలో ఉంటుంది. సిప్రోఫ్లాక్సాసిన్, రిఫాంపిసిన్ ఆ మోతాదులో ఆస్టియోబ్లాస్టులకి చేటు చేస్తాయి. ఇన్ఫెక్షన్ పోయి ఎముక అతకకపోతే ఆ పేషెంటుకి ఒరిగిందేముంది?

మన భీమవరంలో పుట్టి మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు గారు తెలుసు కదా. ఆయన అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీలో పరిశోధన విభాగాన్ని నడిపిన కాలంలో బెంజమిన్ డగ్గర్ కనిపెట్టిన ఆరియోమైసిన్ 1948లో వచ్చింది, టెట్రాసైక్లిన్లు అనే యాంటీబయాటిక్ కుటుంబంలో మొదటిది. ఈ మందులు కాల్షియంని పట్టుకుని, కొత్తగా ఏర్పడే ఎముకలో కూర్చుండిపోతాయి. అల్ట్రావయొలెట్ కాంతిలో పసుపుగా మెరుస్తాయి. ఎముక పెరిగే వేగాన్ని కొలవడానికి రెండు విడతలుగా ఇచ్చి, రెండు గీతల మధ్య దూరం చూస్తారు. ఇదంతా ఎందుకంటున్నానంటే, మీ పేషెంటు అంతకుముందు ఇదే కుటుంబంలోని డాక్సీసైక్లిన్ వాడి ఉంటే ఎముక స్లైడులో ఆ మెరుపు కనబడి, అదేదో నువ్వు వేసిన రంగు అనుకుంటావు. కాబట్టి వాడిన మందులన్నీ అడిగి రాసుకో. డాక్టర్ చీటీ ఒక్కటే చాలదు, మెడికల్ షాపులో సొంతంగా కొనుక్కున్నవి కూడా. ఇంట్లోవాళ్లని అడిగితేనే అవి బయటపడతాయి.

వచ్చిన ప్రతి స్ట్రెయిన్‌నీ ఆ వారంలోనే గ్లిజరాల్‌లో కలిపి రెండు వేర్వేరు మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లలో పెట్టు. ట్యూబు మీద పేషెంటు పేరు రాయకు, నంబరు వెయ్యి.

నేను వాడిన భూతద్దం పార్సిల్లో పెట్టాను. మీ దగ్గర మంచి మైక్రోస్కోపులుంటాయి, అయినా సూదిమొన కాలనీలు వెతకడానికి నాకదే హాయి. అద్దం అంచున చిన్న చుక్క ఒకటుంది, అది కాలనీ కాదు.

మీ అత్త