కొత్త కథల పుస్తకానికి సమీక్ష రాయాలంటే: ముందుమాటలు చివర్లో చదవండి

మీరు అడిగింది ఇది: "కొత్తగా వస్తున్న తెలుగు కథల పుస్తకాలు చదువుతున్నాను. సమీక్ష రాద్దామని కూర్చుంటే ‘చాలా బాగుంది, తప్పక చదవండి’ దగ్గరే ఆగిపోతున్నాను. రచయితల్లో కొందరు ఫేస్‌బుక్‌లో పరిచయస్తులు కూడా. ఎలా చదవాలి, ఎలా రాయాలి, ఎక్కడికి పంపాలి?"

మీ ఇబ్బంది రాయడంలో లేదు, చదవడంలో ఉంది. పుస్తకం మూసేశాక గుర్తున్నదాన్ని బట్టి రాయబోతే ఎవరికైనా చేతికి చిక్కేది ‘బాగుంది’ అన్న మాటే. పేజీ నంబర్లతో సహా రాసుకున్న నోట్సు పక్కన ఉంటే సమీక్ష సగం అయిపోయినట్టే.

మొదట ముందుమాటల సంగతి. మన పుస్తకాల్లో ఒక ముందుమాట, ఒక ఆప్తవాక్యం, ఒక అభినందన, ఆపైన ‘నా మాట’, చాలనట్టు వెనక అట్ట మీద ఇంకో పెద్దాయన నాలుగు వాక్యాలు. ఇవన్నీ వదిలేసి నేరుగా మొదటి కథకు వెళ్లిపోండి. ముందుమాట రాసేవాళ్లు పెళ్లికి అక్షింతలు వేయడానికి వచ్చినవాళ్లు. పెళ్లికొడుకు లోపాలు వాళ్లు చెప్పరు, చెప్పకూడదు కూడా. వాళ్ల మాటలు ముందే చదివితే వాళ్లు మెచ్చిన కథలే మీకూ నచ్చుతాయి, వాళ్లు దాటేసిన కథల్ని మీరూ దాటేస్తారు. అచ్చయ్యే సమీక్షల్లో చాలావాటికి పట్టిన తెగులు ఇదే: ముందుమాటని కుదించి రాసినవి. పుస్తకం చేతిలో ఉన్నవాళ్లు అయిదు నిమిషాల్లో పట్టేస్తారు. మీ నోట్సు పూర్తయ్యాక ముందుమాటలు చదవండి. ఎక్కడైనా వాటితో మీకు పడకపోతే, అదే మీ సమీక్షకు మంచి ఎత్తుగడ.

అయితే కథలకంటే ముందే చూడాల్సిన పేజీ ఒకటుంది, ప్రచురణ వివరాలది. తొలి ముద్రణా, పునర్ముద్రణా? నెల, సంవత్సరం, ప్రతుల సంఖ్య, వెల, ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబరు) అక్కడే ఉంటాయి. మన దేశపు ఐఎస్‌బీఎన్‌లు 978-81 తోనో 978-93 తోనో మొదలవుతాయి. చిన్న ప్రచురణలకు అసలు నంబరే లేకపోవచ్చు, దాన్ని తప్పుగా ఎంచనక్కర్లేదు. కథల సంపుటి అయితే ఏ కథ ఎప్పుడు ఎక్కడ మొదట అచ్చయిందో జాబితా ఉందేమో చూడండి. ఇది చాలా పనికొస్తుంది. పదేళ్ల కిందటి కథను చివర, నిరుటి కథను మొదట పెట్టారనుకోండి, రచయిత చెయ్యి ఎటు తిరిగిందో తేదీలు చూస్తే తప్ప తెలీదు. జాబితా లేకపోతే శ్రీకాకుళం కథానిలయం వెబ్‌సైట్‌లో వెతకండి. కాళీపట్నం రామారావు 1997లో మొదలుపెట్టిన ఆ గ్రంథాలయం కథల వివరాల్ని రచయిత పేరుతోనూ కథ పేరుతోనూ వెతికే వీలు కల్పించింది.

ఇక చదవడం. రెండుసార్లు చదవాలి, వేరే దారి లేదు. మొదటిసారి పెన్సిల్ లేకుండా, రోజుకు మూడు కథలకు మించకుండా. అంతకుమించితే ఈ కథలో మేనత్త ఆ కథలోకి వెళ్లిపోతుంది. రెండోసారి పెన్సిల్‌తో. ప్రతి కథకూ అయిదు సంగతులు రాసుకోండి: కథ ఎవరు చెబుతున్నారు, కథాకాలం ఎంత (ఒక పూటా, ముప్పై ఏళ్లా), ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, ఉన్నదున్నట్టు ఎత్తి రాసుకున్న ఒక్క వాక్యం, మీకు తేలని ఒక్క సందేహం. చివరి రెండింటికీ పేజీ నంబరు తప్పనిసరి. పన్నెండు కథల పుస్తకానికి ఇలా అరవై లైన్లు వస్తాయి. సమీక్షలోకి ఎక్కేది వాటిలో పది పన్నెండే. మిగతావి వృథా అనుకోకండి, ఆ పదీ ఏవో తేల్చేవి అవే.

ఎత్తి రాసుకునేటప్పుడు ఫోన్‌ని నమ్మకండి. కీబోర్డు మాండలికాన్ని ‘దిద్దేస్తుంది’: మీరు ‘సేసిండు’ కొడితే ‘చేసిండు’ అని తోసేస్తుంది. పేజీ ఫొటో తీసి అక్షరాలు లాగినా ఒత్తులు ఎగిరిపోతాయి, ధ కాస్తా థ అవుతుంది. ఆ ముక్క అలాగే సమీక్షలో పడితే రచయితకు తెలుగు రాదనుకుంటారు జనం. పంపే ముందు ప్రతి ఉల్లేఖననీ పుస్తకంతో అక్షరమక్షరం పోల్చండి.

మాండలికం మాట వచ్చింది కాబట్టి, ‘మాండలికం చక్కగా వాడారు’ అన్న వాక్యం రాయనే రాయకండి. ఏం చూశారో చెప్పండి. కథనం కూడా యాసలోనే ఉందా, సంభాషణలేనా? కూలికి పోయే మనిషీ, పట్నంలో చదివొచ్చిన ఆమె కొడుకూ ఒకే తీరున మాట్లాడుతున్నారా? క్రియల చివర్లు పట్టుకుంటే చాలావరకు తేలిపోతుంది. ఒకే పాత్ర 31వ పేజీలో ‘వచ్చిండు’ అని, 34లో ‘వచ్చాడు’ అంటే మూడు కారణాలు ఉండొచ్చు: రచయిత చెయ్యి జారింది, ఎడిటరో ప్రూఫ్ చూసినవాళ్లో దిద్దేశారు, లేదా ఆ పాత్ర ఆఫీసరు ముందు కావాలనే భాష మార్చింది. మూడోదైతే అది లోపం కాదు, కథలో అతి మంచి చోటు. ఆ సన్నివేశం మళ్లీ చదివాకే ఏదో తేల్చండి.

నవలకైతే ఒక కాగితం మీద కాలం గీత గీసుకోండి: పాత్రల వయసులు, పెళ్లిళ్లు, చావులు, సంవత్సరాలు. గతంలో జరిగే నవలలు తప్పేది ఎక్కువగా ఇక్కడే. మన దగ్గర మండలాలు వచ్చింది 1985లో. 1978 నాటి కథలో మనిషి రేషన్ కార్డు కోసం మండలాఫీసుకు వెళ్తే అది పొరపాటు, అప్పుడు ఉన్నది తాలూకా. కరణం, మునసబు ఉద్యోగాలు 1984లో రద్దయ్యాయి. ఉమ్మడి రాష్ట్రంలో సారా నిషేధం 1993 నుంచి, కాబట్టి 1994లో సర్కారు వేలంపాట సారా కొట్టు ఉండదు, దొంగసారా ఉంటుంది. ఇలాంటిది దొరికితే రాయండి, కానీ ఒక్క వాక్యంలో. కథ దాని మీదే నిలబడి ఉంటే తప్ప తప్పు పట్టుకున్న ఆనందంలో పేరా కేటాయించకండి.

అనువాదాలకు ఇంకో అలవాటు కావాలి. అనువాదకుల పేరు మొదటి పేరాలోనే రావాలి. ఇంగ్లీషులోకి అనువాదమైన పుస్తకాలకిచ్చే ఇంటర్నేషనల్ బుకర్ బహుమతి డబ్బును రచయితకూ అనువాదకులకూ చెరిసగం ఇస్తారు. 2025లో కన్నడ రచయిత్రి బాను ముష్తాక్, ఇంగ్లీషులోకి అనువదించిన దీపా భస్తి అలాగే పంచుకున్నారు. మన సమీక్షల్లో మాత్రం అనువాదకుల పేరు వెల, పేజీల పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది. మూలం నుంచి నేరుగా చేశారా, ఇంగ్లీషు మీదుగా వచ్చిందా అన్నది కూడా చెప్పాలి. మూలం రాకపోయినా కొన్ని జారుడు చోట్లు పట్టుకోవచ్చు. కన్నడంలోనూ తమిళంలోనూ ‘అవసరం’ అంటే తొందర. హిందీలో ‘అవసర్’ అవకాశం, ‘ఉపన్యాస్’ నవల, ‘శిక్షా’ చదువు. తెలుగులో ఏదైనా వాక్యం చదవగానే అర్థం పొసగకపోతే, ముఖ్యంగా అలాంటి తత్సమం (సంస్కృతం నుంచి వచ్చిన మాట) ఉన్న చోట, అక్కడో గుర్తు పెట్టుకుని తెలిసినవాళ్లని అడగండి. అడగకుండా ‘అనువాదం మూలానికి విధేయంగా ఉంది’ అని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. మూలం చదవనివాళ్లు ఆ మాట ఎలా అంటారో ఆ భగవంతుడికే తెలియాలి.

రాసేటప్పుడు పన్నెండు కథలకూ తలా రెండు లైన్లు పంచకండి. అది విషయసూచిక అవుతుంది. మూడు కథలు తీసుకోండి: బాగా కుదిరింది ఒకటి, కుదరనిది ఒకటి, మీకు ఇంకా తేలనిది ఒకటి. మిగతావాటి గురించి కలిపి ఒక పేరా చాలు. కథాంశం మూడో వంతు దగ్గర ఆపేయండి. మొదటి వాక్యం ‘నేటి కథకుల్లో తనదైన ముద్ర వేసిన...’ అని మొదలైతే కొట్టేసి పుస్తకంలోంచి ఒక దృశ్యంతో మొదలుపెట్టండి.

దగ్గరగా చూద్దాం. ఉదాహరణకు కల్పించిన రెండు వాక్యాలు: "నీళ్ల ట్యాంకరొచ్చింది. అమ్మ బిందె తీసుకోలేదు." దీని మీద మామూలుగా వచ్చే సమీక్ష: ‘నీటి ఎద్దడిని రచయిత హృద్యంగా, ఆర్ద్రంగా చిత్రించారు.’ ఇందులో ఆ కథకే చెందిన మాట ఒక్కటీ లేదు, ఏ కరువు కథకైనా అతికించుకోవచ్చు. ఇలా రాసి చూడండి: ‘ట్యాంకరొచ్చిందంటే వీధి వీధంతా పరుగెత్తాలి. ఇక్కడ అమ్మ బిందె తీసుకోలేదు. కారణం ఎనిమిది పేజీల దాకా కథ చెప్పదు, అందాకా ఆ ఖాళీ బిందె మన కళ్లముందే ఉంటుంది. చెప్పేశాక మాత్రం ఆగలేక అదే సంగతిని రెండు పేరాల్లో మళ్లీ వివరించింది (పే. 47). ఆ రెండు పేరాలూ లేకపోతే కథ ఇంకా బిగువుగా ఉండేది.’ మెప్పూ విమర్శా ఒకే చోట వచ్చాయి, రెండింటికీ ఆధారం ఉంది. రచయిత కోప్పడినా పేజీ తీసి చూసుకోక తప్పదు.

రాయడం అయ్యాక ఈ మాటల కోసం వెతికి తీసేయండి: హృద్యం, ఆర్ద్రత, గుండెల్ని పిండేసే, కళ్లు చెమర్చే, ఆపకుండా చదివించే, శైలి సరళంగా ఉంది, రచయిత మరింత కృషి చేయాలి. చివరిది మరీ ఘోరం, ప్రోగ్రెస్ రిపోర్టు మీద మాస్టారి సంతకంలా ఉంటుంది. ఉత్తరాంధ్ర పలుకుబడి కనిపించగానే ఆ ప్రాంతపు పాత మహారచయిత ఎవరినో ఒకరిని గుర్తు చేసుకోవడం కూడా ఆపితే మంచిది. పోల్చి తీరాలంటే ఏ విషయంలోనో చెప్పండి: ఉపమానాల్లోనా, వ్యంగ్యంలోనా, కథ ముగించడంలోనా?

అచ్చుతప్పుల్ని లెక్కపెట్టి సమీక్షలో పెట్టకండి. అర్థం చెడే చోట్లుంటే ఒక్క మాట అనండి. మొత్తం జాబితాను పేజీ, లైను నంబర్లతో ప్రచురణకర్తకు విడిగా పంపితే పునర్ముద్రణకు పనికొస్తుంది. ఈబుక్ చదివి రాస్తుంటే ఇంకొంచెం జాగ్రత్త: అను ఫాంట్లలో (ఇవి యూనికోడ్ కానివి) డీటీపీ చేసిన ఫైలును యూనికోడ్‌లోకి మార్చినప్పుడు గుణింతాలూ ఒత్తులూ చెదిరిపోతుంటాయి. ఆ పాపం రచయితది కాదు. అచ్చు ప్రతిలో అదే పేజీ చూశాకే మాట్లాడండి.

కవిత్వానికి ఇదంతా వర్తించదు, దానికి వేరే జవాబు కావాలి. ఒక్క హెచ్చరిక మాత్రం: ఎనిమిది పాదాల కవితలో ఎనిమిదీ ఎత్తి రాస్తే అది సమీక్ష కాదు, పునర్ముద్రణ. కాపీరైట్ చట్టం (1957) 52వ సెక్షను సమీక్ష, విమర్శల కోసం న్యాయమైన మేరకు ఉల్లేఖించనిస్తుంది. ఇన్ని పదాలని లెక్కేమీ పెట్టలేదు. మీరు చెప్పే మాటకు ఎంత కావాలో అంతే తీసుకోండి. కథ మొత్తం ఫొటోలు తీసి పెట్టడం ఏ లెక్కనా కుదరదు.

పరిచయస్తుల పుస్తకాల గురించి: మన సాహిత్య లోకం చిన్నది, ఎవరికీ తెలియనివాళ్లే రాయాలంటే సమీక్షలే ఉండవు. మొదట్లోనో చివర్లోనో ఒక్క వాక్యం చాలు: ‘రచయిత నాకు పరిచయం, ఈ ప్రతి వారే పంపారు.’ ఉచితంగా వచ్చిన వస్తువు గురించి రాస్తే ఆ సంగతి చెప్పాలని అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021లో ఇన్‌ఫ్లుయెన్సర్లకు ఇచ్చిన మార్గదర్శకాలూ చెబుతున్నాయి. అమెజాన్ అయితే రచయిత బంధువులు, దగ్గరి స్నేహితులు రాసిన సమీక్షల్ని ఒప్పుకోదు. మీకు ప్రాణస్నేహితులైతే అక్కడ రాయొద్దు, ఫేస్‌బుక్‌లో స్నేహితుడిగానే రాయండి. అచ్చుకు ముందు సమీక్షను రచయితకు చూపించకండి. ఒకసారి చూపిస్తే తర్వాత మీరు తీసేసే మొదటి వాక్యం 47వ పేజీ గురించినదే.

ఎక్కడికి పంపాలన్నది నిడివిని బట్టి. ఆదివారం అనుబంధాల్లో పుస్తక పరిచయాలకు 150 నుంచి 200 పదాల జాగా దొరికితే ఎక్కువ. దినపత్రికల సాహిత్య పేజీలకు 500 నుంచి 700 పదాలు. అంతకు మించితే వెబ్ పత్రికలు, పుస్తకం.నెట్ లాంటి సైట్లు. చాలా పత్రికలు సమీక్షకు రెండు ప్రతులు రచయిత నుంచో ప్రచురణకర్త నుంచో కోరతాయి, పుస్తకాన్ని తమవాళ్లకే ఇచ్చి రాయించుకుంటాయి. అందుకని రాసేసి పంపడం కాకుండా, ‘ఫలానా పుస్తకం మీద 600 పదాలు రాయగలను, ఇప్పటికే ఎవరికైనా ఇచ్చారా?’ అని ముందు రెండు లైన్ల మెయిల్ పెట్టండి. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం. చాలా పుస్తకాలు వీటికి అందేలా అచ్చవుతాయి, సమీక్షలూ ఆ హడావుడిలోనే వచ్చిపడతాయి. మీరు ఫిబ్రవరిలో రాయండి. అప్పటికి పొగడ్తల జడి తగ్గి ఉంటుంది, పేజీల్లో చోటూ ఉంటుంది.

సమీక్ష చివర పుస్తకం పేరు, ప్రక్రియ, రచయిత, అనువాదమైతే అనువాదకులు, ప్రచురణ, పేజీలు, వెల, దొరికే చోటు ఇవ్వండి. మన పుస్తకాల్లో ప్రతులకు రచయిత సొంత సెల్ నంబరే వేయడం మామూలు. పుస్తకంలో ఉంది కదా అని వెబ్‌లో ఎక్కించేయకుండా, అడిగి వేయండి. పుస్తకాల షాపు పేరు చాలనుకుంటే అదే రాయండి.