బొమ్మ సైనికుల షోకి పిలిచారు, వెళ్లనా?

ప్రశ్న: అన్నయ్యా, బ్రిటన్ వచ్చి ఇంకా ఏడాది కాలేదు. నా డెస్క్ మీద నేను రంగులేసుకున్న చిన్న సైనికుడి బొమ్మ ఒకటి ఉంటుంది. అది చూసి మా ఆఫీసులో ఒక పెద్దాయన, ఏప్రిల్‌లో లండన్‌లో సెల్యూట్ అనే వార్‌గేమింగ్ షో ఉంది, వస్తావా అని అడిగారు. నాకు రంగులేయడం ఇష్టమే గానీ ఆట రాదు. అక్కడ మనవాళ్లు ఉంటారా, ఎంత ఖర్చవుతుంది, ఏం మాట్లాడాలి అని కొంచెం టెన్షన్‌గా ఉంది. మా బాబుకి తొమ్మిదేళ్లు, వాణ్ణి కూడా తీసుకెళ్లొచ్చా?

జవాబు: తప్పకుండా వెళ్లు తమ్ముడూ. ఇక్కడ ఆఫీసు వాళ్లు వారాంతంలో ఎక్కడికైనా పిలవడమే అరుదు. తన హాబీ చూపిస్తానని పిలిచాడంటే నువ్వంటే ఆయనకి బాగా గురి కుదిరినట్టే.

ఒక్క మాట ముందే చెప్తాను. అదేదో ఎగ్జిబిషన్ అనుకుని నాలుగు వరసలు తిరిగి, ఫోటోలు తీసుకుని వచ్చేయకు. లోపలికి వెళ్లిన మొదటి గంటలోనే ఏదో ఒక బల్ల దగ్గర కూర్చుని ఒక ఆట ఆడు. ఆట రాకపోవడం అడ్డు కాదు. రానివాళ్ల కోసమే సగం బల్లలు వేస్తారు.

అసలు ఆట ఏమిటంటే, బల్ల మీద కొండలు, చెట్లు, ఊళ్లు పేర్చి, రెండు వైపులా బొమ్మల సైన్యాలను నిలబెట్టి, ఇంచీల టేపుతో దూరం కొలిచి కదుపుతారు. దెబ్బ తగిలిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్‌విట్జ్ అనే అధికారి తోటి అధికారుల శిక్షణ కోసం తయారుచేసిన మ్యాపు ఆట దీనికి పూర్వరూపం. సెల్యూట్‌ని నడిపేది కంపెనీ కాదు, సౌత్ లండన్ వార్‌లార్డ్స్ అనే క్లబ్బు. 1972 నుంచి నడుపుతున్నారు. టికెట్ చూసేవాళ్లు, దారి చూపేవాళ్లు చాలామంది ఆ క్లబ్బు సభ్యులే, జీతం లేకుండా పనిచేస్తారు. అది మనసులో పెట్టుకుంటే క్యూ ఆలస్యమైనా విసుగు రాదు.

షో జరిగేది ఎక్సెల్ సెంటర్‌లో. ఎలిజబెత్ లైన్ రైలు ఎక్కి కస్టమ్ హౌస్ స్టేషన్‌లో దిగితే ఎదురుగానే ఉంటుంది. డీఎల్ఆర్ అనే చిన్న రైలు కూడా ఆ స్టేషన్‌కి వస్తుంది. శనివారాల్లో లైన్ల మీద మరమ్మతు పనులు పెడుతుంటారు కాబట్టి ముందురోజు రాత్రి లండన్ రవాణా సంస్థ టీఎఫ్ఎల్ సైట్ చూసుకో. కొన్ని ఏళ్లలో లండన్ మారథాన్‌లో పరిగెత్తేవాళ్లకి నంబర్లు ఇచ్చే కార్యక్రమం కూడా అదే రోజు అదే భవనంలో పడుతుంది. అలాంటప్పుడు స్టేషన్ నుంచే జనం కిక్కిరిసి ఉంటారు, ఎటు వెళ్తున్నారో చూడకుండా వాళ్ల వెంట పడిపోకు. టికెట్ ఆన్‌లైన్‌లో ముందే కొనుక్కుంటే ఆ రోజు ఒక క్యూ తగ్గుతుంది.

కాళ్ల గురించి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. కింద గచ్చు నేల, రోజంతా నిలబడటమే. కొత్త బూట్లు వేసుకుని వెళ్లావా, రెండింటికల్లా కూర్చోవడానికి మెట్లు వెతుక్కుంటావు. కోటు బయట చలికి కావాలి గానీ లోపల బరువు. వీపు మీద పెద్ద బ్యాగు కూడా వద్దు. బల్లల మధ్య సందుల్లో నువ్వు పక్కకి తిరిగితే నీ బ్యాగు ఎవరి ఆరు నెలల కష్టాన్నో తుడిచిపెట్టేస్తుంది. భుజానికి వేలాడే చిన్న సంచి చాలు. అందులో నీళ్ల సీసా, ఫోన్ ఛార్జర్, కొన్న బొమ్మలు నలగకుండా ఒక గట్టి డబ్బా. తిండి లోపల ఖరీదు, ఒంటిగంటకి క్యూలు పెద్దవి. ఇంటి నుంచి పులిహోర తెచ్చుకుంటే హాయి. పన్నెండు లోపే హాలు బయట ఎక్కడైనా తినేసి, సబ్బుతో చేతులు కడుక్కుని రా. పసుపు, నూనె అంటిన వేళ్లతో ఎవరి బొమ్మనీ ముట్టుకోకూడదు.

ఇక డబ్బు. ప్రమాదమంతా అక్కడే. హాల్లో ఎక్కువ భాగం దుకాణాలే. సుమారు ఇరవై ఎనిమిది మిల్లీమీటర్ల ఎత్తుండే ప్లాస్టిక్ సైనికుల పెట్టె ఒకటి సుమారు పాతిక, ముప్పై పౌండ్లు ఉంటుంది, అందులో ముప్పై, నలభై మంది ఉంటారు. చౌకే కదా అని నాలుగు పెట్టెలు ఎత్తుకుంటావు. ఇంటికొచ్చాక ఆ నూట యాభై మందికి రంగులేయడానికి ఏడాది పడుతుంది. రంగులేయని బొమ్మలు అటక మీద పేరుకుపోవడం ఇక్కడి వార్‌గేమర్లందరి ఇంటి కథే, దాని మీద వాళ్లే జోకులేసుకుంటారు. నువ్వు మొదటిసారి వెళ్తున్నావు కాబట్టి ఒక మొత్తం అనుకుని ఆ నోట్లు మాత్రం జేబులో పెట్టుకుని వెళ్లు, కార్డు తీయకు. మధ్యాహ్నం దాకా ఏమీ కొనకు.

కొనేముందు సైజు సంగతి తెలియాలి. 28 మిల్లీమీటర్ల బొమ్మ పక్కన 15 మిల్లీమీటర్లది పెడితే తండ్రీ కొడుకుల్లా ఉంటాయి, ఒకే సైన్యంలో కలవవు. 6 మిల్లీమీటర్లవైతే కళ్లద్దాలు పెట్టుకుని చూడాలి, కానీ పెద్ద యుద్ధాన్ని చిన్న బల్ల మీద చూపించాలంటే వాటికి సాటి లేదు. ఏ సైజు కొనాలో సొంతంగా తేల్చుకోవద్దు. మీ ఆఫీసు పెద్దాయన ఏది ఆడతాడో అదే కొను. ఎదుటి మనిషి దగ్గర లేని సైజు కొంటే ఆడేవాడు దొరకడు. ఏం కావాలో ముందే తెలిస్తే చాలా దుకాణాలు ప్రీ ఆర్డర్ తీసుకుని షోలో చేతికిస్తాయి, పోస్టు ఖర్చు మిగులుతుంది. బ్రింగ్ అండ్ బై అనే సెకండ్ హ్యాండ్ బల్ల ఏ షోలో కనపడినా అక్కడ ఓ పావుగంట గడుపు. ఎవరో రంగులేసి వదిలేసిన సైన్యాలు రంగులేయని బొమ్మల ఖరీదుకే దొరుకుతుంటాయి.

చాకు గురించి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ప్లాస్టిక్ బొమ్మలు కోసి అతికించడానికి సన్న బ్లేడు ఉన్న హాబీ నైఫ్ కావాలి, షోలో అమ్ముతారు కూడా. ఈ దేశంలో సరైన కారణం లేకుండా బయట కత్తి పట్టుకు తిరగడం నేరం. మడతపెట్టే చాకు, అదీ మూడంగుళాల లోపు బ్లేడు ఉండి, తెరిచాక లాక్ పడనిదైతేనే మినహాయింపు. హాబీ నైఫ్ అందులోకి రాదు. కొన్నావంటే ప్యాకెట్ విప్పకు, రసీదు దాచు, సంచి అడుగున పెట్టి నేరుగా ఇంటికి వెళ్లు. సోమవారం ఆఫీసుకి అదే సంచి తగిలించుకుని బయల్దేరకు. పద్ధెనిమిది నిండనివాళ్లకి అమ్మరు. ఇండియా వెళ్లేటప్పుడు స్ప్రే ప్రైమర్ (రంగుకి ముందు కొట్టే పూత) డబ్బాలు సూట్‌కేసులో పెట్టుకోవద్దు, మండే గ్యాసు కాబట్టి విమానంలోకి రానివ్వరు.

మనుషుల సంగతికొస్తాను. మనవాళ్లు కనపడతారు గానీ తక్కువ. చాలామంది నడివయసు దాటిన ఇంగ్లీషు మగవాళ్లే. చూడ్డానికి గంభీరంగా ఉంటారు, కొందరైతే బల్ల వైపు తిరిగి మనకి వీపు చూపిస్తూ నిలబడతారు. దాన్ని చూసి వద్దన్నారనుకోవద్దు. వాళ్లకి మనకంటే మొహమాటం ఎక్కువ. నెలల తరబడి చెట్టూ పుట్టా సొంతంగా చేసుకుని మోసుకొచ్చారు, ఎవరైనా అడిగితే బాగుండునని చూస్తుంటారు. ఈ టెరైన్, అంటే బల్ల మీది కొండలు, చెట్లు, మీరే చేశారా అని అడిగి చూడు. ఆ తర్వాత పదిహేను నిమిషాలు నువ్వు నోరు తెరవక్కర్లేదు.

బల్లలు రెండు రకాలు. డెమో గేమ్ అంటే చూడ్డానికే, వాళ్లలో వాళ్లు ఆడుకుంటారు. పార్టిసిపేషన్ గేమ్ అంటే దారిన పోయేవాళ్లు ఆడేది. బోర్డు మీద రాసి ఉంటుంది, లేకపోతే క్యాన్ ఐ హావ్ ఎ గో, నేనూ ఒకసారి ఆడొచ్చా, అని అడిగితే చాలు. అరగంట, గంటలో ముగిసేలా రూల్స్ కుదించి పెడతారు, ప్రతిదీ పక్కనుండి చెప్తారు. ఓడిపోయినా ఎవరికీ పట్టింపు ఉండదు. మధ్యాహ్నానికి ఇవి నిండిపోతాయి, అందుకే పొద్దున్నే కూర్చోమన్నది. బొమ్మల్ని అడక్కుండా ముట్టుకోవద్దు. కాఫీ కప్పు బల్ల అంచున పెట్టడమంటే ఇక్కడ అపరాధమే. ఫోటోలకు సాధారణంగా ఎవరూ కాదనరు, ముందు ఒక నవ్వు నవ్వితే ఇంకా మంచిది.

ఏదో ఒక మూల ఎర్రకోట్ల ఇంగ్లీషు దళాలు, ఎదురుగా మన సిపాయిలు ఉన్న బల్ల తగలొచ్చు. ప్లాసీ కావచ్చు, 1803 నాటి అస్సాయే కావచ్చు, 1857 కావచ్చు. మొదటిసారి చూస్తే గుండెలో కలుక్కుమంటుంది, అది సహజం. నా సలహా ఏమిటంటే పక్కకి తప్పుకోకు, మనవైపు సైన్యం నాకిస్తారా అని అడుగు. సంతోషంగా ఇస్తారు. చాలామందికి తేదీలు, రెజిమెంట్ల పేర్లు మనకంటే బాగా తెలుసు, కానీ ఆ ఊరి నేల ఎలా ఉంటుందో, అక్కడ ఏ పంట ఎంత ఎత్తు పెరుగుతుందో తెలియదు. అక్కడ నీ మాటకి విలువ ఉంటుంది.

పిఠాపురం దగ్గర చందుర్తిలో 1758 డిసెంబరులో జరిగిన యుద్ధాన్ని వీళ్లు కాండోర్ అంటారు. విజయనగరం ఆనంద గజపతిరాజు అండతో వచ్చిన ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ ఒకవైపు, ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ మరోవైపు. ఇంగ్లీషు దళం ఎత్తుగా పెరిగిన చేను వెనక కనపడకుండా ఉండిపోయింది. ఇంగ్లీషు తరఫున ఎర్రకోట్లు తొడిగిన మన సిపాయిలనే ఇంగ్లీషువాళ్లనుకుని ఫ్రెంచివాళ్లు మీదపడ్డారు, ఆపైన దెబ్బతిన్నారు. మరుసటి ఏడాదే మచిలీపట్నం కోట కూడా ఫ్రెంచివాళ్ల చేజారింది. బల్ల మీద ఒక చేను ముక్క ఎక్కడ పెట్టామన్నది ఆట ఫలితాన్నే మార్చేస్తుందని దీంతో తెలుస్తుంది. ఈ కథ మీ పెద్దాయనకి చెప్పి చూడు, వచ్చే ఏడాది ఆ బల్ల నీతోనే వేయించినా ఆశ్చర్యం లేదు.

స్టూడెంట్ వీసా మీద ఉండి ఇది చదువుతున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక మాట. మీ రంగులు చూసి ఎవరైనా, నా సైన్యానికి వేసిపెట్టు, డబ్బిస్తాను అంటే వెంటనే సరే అనకండి. ఆ వీసా మీద సొంత వ్యాపారం, ఫ్రీలాన్స్ పని కుదరదు. వర్క్ వీసా వాళ్లు కూడా తమ షరతులు చదువుకున్నాకే మాటివ్వాలి. స్నేహం కొద్దీ ఒకటి రెండు బొమ్మలు వేసిస్తే అది వేరే సంగతి.

బాబుని తీసుకెళ్లు తమ్ముడూ. చాలా షోలలో పెద్దవాళ్లతో వచ్చే పిల్లలకి టికెట్ ఉండదు, ఆ ఏడాది నిబంధన సైట్‌లో చూసుకో. పిల్లలు కనపడితే ఈ పెద్దాయనల మొహాలు వెలిగిపోతాయి, పాచికలన్నీ వాళ్ల చేతే వేయిస్తారు. కాకపోతే తొమ్మిదేళ్లవాడికి మూడు గంటలు చాలు. రోజంతా లాగితే నీకూ వాడికీ ఇద్దరికీ విసుగే. మధ్యాహ్నం మరొకరు వచ్చి వాణ్ణి తీసుకెళ్లేలా చూసుకుంటే నువ్వు ఐదింటి దాకా ఉండొచ్చు.

సెల్యూట్ పెద్ద షో కాబట్టి కొత్తవాళ్లకి కాస్త తల తిరుగుతుంది. అది నచ్చాక న్యూఆర్క్‌లో జరిగే పార్టిజన్‌కి వెళ్లు, బల్లల అందం చూడాలంటే నా లెక్కలో అదే ముందు. షోగ్రౌండ్ ఊరికి దూరం, కారున్నవాళ్లతో వెళ్లడమే నయం. 6 మిల్లీమీటర్ల బొమ్మలు ఆడేవాళ్లకి షెఫీల్డ్‌లో జాయ్ ఆఫ్ సిక్స్ ఉంది. బోర్డు గేములు కూడా కావాలంటే బర్మింగ్‌హామ్‌లో యూకే గేమ్స్ ఎక్స్‌పో. అక్కడ కుర్రకారు, ఆడవాళ్లు, మన మొహాలు ఎక్కువ.

బయటికొచ్చేముందు మీ ఊరి చుట్టుపక్కల క్లబ్బు బల్ల ఏదైనా ఉందేమో చూసుకుని, ఉంటే వాళ్ల కాగితం ఒకటి తీసుకో. క్లబ్బులు మామూలుగా వారంలో ఒక సాయంత్రం చర్చి హాల్లోనో పబ్బు మేడమీదో కలుస్తాయి, రుసుము కొద్ది పౌండ్లే. మొదటిసారి వెళ్లేటప్పుడు ముందుగా ఒక మెయిల్ పెట్టు. నీ బొమ్మలకి ఇంకా రంగులు ఆరకపోయినా పర్వాలేదు, ఆడటానికి వాళ్ల సైన్యమే ఒకటి అప్పిస్తారు.