అరవై మందిని చేర్పించే ముందు

బిడ్డా,

మీ బడిలో ఇరవై ఒక్కమందే ఉన్నారని, జూన్ బడిబాటలో ఇల్లిల్లూ తిరిగి అరవై మందిని చేస్తానన్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. నా ఛాతీ ఉప్పొంగింది. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు. ఆ అరవై మందికీ టీచరువి నువ్వొక్కదానివే కదా!

వేళకు బడికి వెళ్లు. ఎంఈఓ గారిని ఏది అడిగినా కాగితం మీద అడుగు. ఇవి నీకు తెలిసినవే.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. 1990లలో పాలమూరు జిల్లాలో నాది ఏకోపాధ్యాయ పాఠశాల. ప్రతి బడికీ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు ఉండాలని 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ పెట్టారు. మాకు గది వచ్చింది, రెండో టీచరు రాలేదు. నేను పిల్లల్ని చేర్పించే పనిలో పడిపోయాను. మేకల వెంట తిరిగేవాళ్లను, పత్తి చేలల్లో ఉన్నవాళ్లను బతిమాలి తెచ్చాను. ముప్పై మంది డెబ్బై రెండయ్యారు. మండలం మీటింగులో నన్ను నిలబెట్టి చప్పట్లు కొట్టారు. అయిదు తరగతులకు ఒక్క గొంతు. నేను చెబితే అందరూ కలిసి అనేవాళ్లు. అదే చదువనుకున్నాను.

అయిదో తరగతిలో ఒక పిల్ల. తండ్రి బొంబాయికి మట్టిపనికి పోయాడు. ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వస్తే తల్లి ఈ పిల్ల చేతికిచ్చింది. చదవడం రాదని చెప్పడానికి సిగ్గుపడి, "నాయిన మంచిగున్నడంట, పైసలు ఇప్పుడు పంపలేడంట" అని కల్పించి చెప్పింది. తల్లి అప్పు తీర్చడానికి రెండు మేకలూ అమ్మేసింది. ఉగాదికి తండ్రి వచ్చాడు. డబ్బు తెస్తున్నాను, మేకలు అమ్మొద్దు అని రాయించాడట ఆ ఉత్తరంలో.

ఆయన బడికొచ్చి గొడవ పడలేదు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, "అయిదో తరగతి కదా సారూ" అన్నాడు. వెనక వరసలో ఆ పిల్ల తలెత్తలేదు. నాలుగేళ్లు ఆమె పేరు పిలిచాను, హాజరు వేశాను, పై తరగతికి పంపాను. ఒక్కనాడూ పక్కన కూర్చోబెట్టుకుని చదివించలేదు.

పిల్లల్ని చేర్పించొద్దని కాదమ్మా. గడప దాటని పిల్లకు నువ్వేం నేర్పగలవు? కానీ ప్రాథమిక బడిలో అరవై మంది దాకా ఇద్దరు టీచర్లుండాలని విద్యాహక్కు చట్టంలోనే ఉంది. బడిబాటకు ముందే రెండో టీచరు కోసం అర్జీ పెట్టు. ఇవ్వకపోతే మళ్లీ పెట్టు.

రోజుకు నలుగురిని పక్కన కూర్చోబెట్టుకో. పాఠం చదివించకు, అది వాళ్లకు నోటికొచ్చి ఉంటుంది. బస్సు టికెట్టు, రేషన్ కార్డు, ఏదైనా ఉత్తరం ఇచ్చి చూడు. మొదట వెనక వరసలో మాట్లాడని ఆడపిల్లల్ని పిలువు. అల్లరి చేసేవాళ్లు ఎలాగూ నీ కంట్లో పడతారు. చేరినవాళ్లెందరని మీటింగులో అడుగుతారు. చదవగలిగేవాళ్లెందరో నాకు ప్రతి నెలా రాయి. తక్కువున్నా రాయి, నేనేమీ అనను.

మొదటి జీతంతో అమ్మకు చీర కొంటానన్నావట. ముందు నీకు మంచి చెప్పులు కొనుక్కో తల్లీ, జూన్‌లో చాలా నడవాలి.

మీ పెద్దనాయిన