పెరట్లో హాప్స్ తీగ పెంచితే కేసవుతుందా?

ప్రశ్న: వకీల్ సాబ్, నమస్తే. మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ. హైదరాబాద్ కంపెనీలో ఉద్యోగం, ప్రస్తుతం ఇంటి నుంచే పని చేస్తున్నాను. అమెరికాలో ఉన్న మా అన్న ఇంట్లోనే బీరు తయారు చేసుకుంటాడు. అది చూసి నాకూ సరదా పుట్టింది. బీరుకు చేదు, వాసన ఇచ్చే హాప్స్ మొక్కను మా పెరట్లో పెంచాలనుకుంటున్నాను. అన్న ఈసారి వచ్చేటప్పుడు దాని వేరుదుంపలు తెస్తానన్నాడు. మాల్ట్, ఈస్ట్, పులియబెట్టే డబ్బా ఉన్న కిట్ ఒకటి ఆన్‌లైన్‌లో చూసి పెట్టుకున్నాను. హాప్స్ విత్తనాలని చెప్పి ఒకడు అమ్మితే కొన్నాను, మొలిచినవి చూస్తే ఏదో పిచ్చిమొక్కలా ఉన్నాయి. ఇంతలో ఇది గంజాయి జాతి మొక్క అని ఎవరో చెప్పడంతో మా బాపుకు టెన్షన్ పట్టుకుంది. మొక్క పెంచడం నేరమా? మా జిల్లాలో మద్యనిషేధం ఉంది నిజమే, కానీ అమ్మకుండా ఇంట్లో తాగడానికి నెలకు పది సీసాలు చేసుకుంటే తప్పేంటి? అదీ కుదరదంటే, కాళేశ్వరం వంతెన దాటి మహదేవపూర్‌లో మా మేనమామ ఇంట్లో చేసుకోవచ్చా?

జవాబు: ముందు మీ బాపు టెన్షన్ తీరుద్దాం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం, అంటే మనం ఎన్‌డీపీఎస్ అనేది, గంజాయి మొక్క అంటే ‘కన్నాబిస్’ ప్రజాతికి చెందిన మొక్క అని స్పష్టంగా చెప్పింది. హాప్స్ శాస్త్రీయ నామం హ్యూములస్ లూపులస్. రెండూ కన్నాబేసీ అనే ఒకే కుటుంబంలోవే, కానీ ప్రజాతులు వేరు. దాయాది మీద కేసు ఉందని మిమ్మల్ని స్టేషన్‌కు పిలవరు కదా, ఇదీ అంతే. గంజాయిలో మత్తు తెప్పించే పదార్థం హాప్స్‌లో లేదు. ఆకు కూడా ద్రాక్ష ఆకులా వెడల్పుగా ఉంటుంది. అయినా తెలియని మొక్కను చూసి ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చు, కొన్న బిల్లు దాచిపెట్టుకోండి. పోలీసులు శాంపిల్ తీసుకుంటామంటే తీసుకోనివ్వండి. గుమ్మంలో నిలబడి వృక్షశాస్త్రం వాదించొద్దు.

కాబట్టి మొక్క మొక్కగా ఉన్నంతవరకు ఏ చట్టానికీ దానితో పని లేదు. మహారాష్ట్ర మద్యనిషేధ చట్టం ఇప్పపువ్వు గురించి ప్రత్యేకంగా మాట్లాడుతుంది, ఎందుకంటే మన అడవుల్లో సారా కాసేది దానితోనే. హాప్స్ పేరు మాత్రం ఎత్తదు. ఇక్కడే మీలాంటివాళ్లు పొరబడతారు. పేరు లేదు గనుక అడ్డు లేదనుకుంటారు.

1949లో బొంబాయి మద్యనిషేధ చట్టంగా వచ్చి, ఇప్పుడు మహారాష్ట్ర పేరుతో నడుస్తున్న ఆ చట్టంలో 65వ సెక్షన్ చదవండి. అందులో (బి) మత్తు పానీయం తయారు చేయడం గురించి, (సి) బ్రూవరీ పెట్టడం, నడపడం గురించి. మీకు అసలు తగిలేది (ఎఫ్). మత్తు పానీయం తయారు చేసే ఉద్దేశంతో ఏ పదార్థమైనా, ఏ పాత్రైనా, ఏ పరికరమైనా ఉంచుకోవడమే నేరం అంటుంది అది. బీరు తయారై ఉండాల్సిన అవసరం కూడా లేదు. పందిరి మీద హాప్స్ తీగ, వంటింట్లో మాల్ట్ సంచి, ఫ్రిజ్‌లో ఈస్ట్ పొట్లం, మంచం కింద గ్యాస్ బయటికి వదిలే మూత ఉన్న పెద్ద డబ్బా, ఫోన్‌లో అన్న పంపిన రెసిపీ. విడివిడిగా చూస్తే ఒక్కటీ తప్పు కాదు. పంచనామాలో ఒకే పేజీలో వరుసగా రాస్తే ఉద్దేశం దానంతటదే బయటపడుతుంది. పైగా తయారీ పరికరాలు, తయారీలో సగం దాకా వచ్చిన సరుకు ఎవరి దగ్గరైనా దొరికి, అవి ఎందుకున్నాయో అతను సరైన కారణం చెప్పలేకపోతే, నేరం చేసినట్టే కోర్టు భావించాలని ఈ చట్టమే చెబుతుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది మీరు. నిజం చెప్పాలంటే, మీరు నాకు రాసిన ఈ ఉత్తరం ఒక్కటి చాలు ప్రాసిక్యూషన్‌కు. అందుకే మీ పేరు తీసేసి వేశాం.

‘తయారీ’ అనే మాటకు కూడా చట్టం ఇచ్చిన అర్థం చాలా విశాలం. సహజంగా జరిగినా, కృత్రిమంగా జరిగినా మత్తు పానీయం పుట్టే ప్రతి ప్రక్రియా తయారీయే. డబ్బాలో దానంతటదే పులిసింది సార్ అంటే నడవదు. ఆల్కహాల్ తక్కువే ఉందన్నా అంతే, ఆల్కహాల్ ఉన్న ప్రతి ద్రవాన్నీ మద్యం నిర్వచనంలోకి తెచ్చారు. ఇది పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగల కేసు, శిక్ష ఏళ్లలో ఉంటుంది, జరిమానా అదనం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి అంతకంటే పెద్ద దెబ్బ పాస్‌పోర్టు, వీసా దగ్గర తగులుతుంది.

మీ ప్రశ్నలో ఇంకో పొరపాటు ఉంది. ఇదంతా గడ్చిరోలి గనుకే అనుకుంటున్నారు. మన జిల్లాలో 1993 నుంచి మద్యం దుకాణాలకు, బార్లకు అనుమతి లేదు, అది వేరే సంగతి. పక్క జిల్లా చంద్రపూర్‌లో 2015లో నిషేధం పెట్టి 2021లో ఎత్తేశారు. ఎత్తేశాక దుకాణాలు తెరిచారు తప్ప ఇంట్లో బీరు చేసుకోమని ఎవరికీ చెప్పలేదు. 65వ సెక్షన్ పుణెలోనూ ఉంది, నాగపూర్‌లోనూ ఉంది. తాగడానికి ఇచ్చే పర్మిట్ చేతిలో ఉన్నా అది తాగడానికే, తయారు చేయడానికి కాదు. మన దగ్గర ఉన్న తేడా ఏమిటంటే, ఊళ్లో గ్రామసభలు, మహిళలు ఈ విషయంలో చాలా గట్టిగా ఉంటారు. పులిసిన వాసన గోడ దాటితే సాయంత్రానికి కబురు స్టేషన్‌కు చేరుతుంది.

మరి మీ అన్న ఎలా చేసుకుంటున్నాడు? అమెరికాలో 1978లో చేసిన కేంద్ర చట్టం సొంత వాడకానికి ఇంట్లో బీరు చేసుకోవడాన్ని పన్ను నుంచి మినహాయించింది. పెద్దవాళ్లు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకు మించి ఉంటే 200. అక్కడా రాష్ట్రాలు తలో దారి, అలబామా, మిసిసిపీ 2013 దాకా ఒప్పుకోలేదు. మన రాజ్యాంగంలో మత్తు పానీయాల తయారీ, నిల్వ, రవాణా, అమ్మకం అన్నీ రాష్ట్ర జాబితాలో 8వ అంశం. కాబట్టి అన్న ఇంట్లో ఏది చెల్లుతుందో అది మీకు ఏమాత్రం పనికిరాదు.

నా ఇంట్లో నేను ఏం చేసుకుంటే ఎవరికేం, గోప్యత హక్కు లేదా అని మీరు అడగొచ్చు. గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 2017లో పుట్టస్వామి కేసులో తీర్పు ఇచ్చాక ఈ వాదన నాకు చాలామంది చెప్పారు. వాదన బాగానే ఉంది, ఏనాటికైనా ఎవరో ఒకరు గెలవొచ్చు కూడా. కానీ ఈ చట్టాన్నే 1951లో బల్సారా కేసులో సుప్రీంకోర్టు చాలావరకు నిలబెట్టింది. రాజ్యాంగ పోరాటం చేయాలంటే హైకోర్టుకు రిట్ పిటిషన్‌తో వెళ్లాలి. మంచం కింద డబ్బాతో కాదు.

మహదేవపూర్ ఆలోచన ఇంకా దారుణం. తెలంగాణలో అమలులో ఉన్న 1968 నాటి ఎక్సైజ్ చట్టంలో 34వ సెక్షన్ దాదాపు ఇదే మాట చెబుతుంది. లైసెన్సు లేకుండా తయారీ నేరం, తయారీ కోసం పదార్థాలు, పరికరాలు ఉంచుకోవడం నేరం. అక్కడ మైక్రోబ్రూవరీలకు లైసెన్సులు ఇస్తున్నారు, కానీ అది వ్యాపారానికి, మేనమామ వసారాకు కాదు. ఆ సీసాలు పట్టుకుని వంతెన దాటి ఇటు వచ్చారంటే నిషేధ జిల్లాలోకి మద్యం తెచ్చిన కేసు ఇంకొకటి. ఒక్కరి సరదాకు రెండు రాష్ట్రాల్లో ఇద్దరు నిందితులు. మేనమామను వదిలేయండి.

ఇక వేరుదుంపల సంగతి. అన్నను సూట్‌కేసులో తేవద్దని ఈ రోజే చెప్పండి. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం నాటడానికి పనికొచ్చే విత్తనం, దుంప, మొక్క ఏది విదేశాల నుంచి రావాలన్నా ముందు ఇక్కడ ఇంపోర్ట్ పర్మిట్ తీసుకోవాలి, అక్కడి ప్రభుత్వం ఇచ్చిన ఫైటోశానిటరీ సర్టిఫికెట్, అంటే మొక్కకు తెగుళ్లు, పురుగులు లేవన్న ధ్రువపత్రం ఉండాలి. మట్టి అంటుకున్న మొక్క అసలే కుదరదు. పార్శిల్‌లో ‘ఎండు మూలికలు’ అని రాసి పంపితే ఇంకా ముప్పు. 1962 కస్టమ్స్ చట్టం కింద సరుకు జప్తు, పెనాల్టీ రెండూ పడతాయి. 2020లో ఎవరూ అడగకుండానే విదేశాల నుంచి విత్తనాల పొట్లాలు వస్తున్నాయని కేంద్ర వ్యవసాయ శాఖ రాష్ట్రాలను హెచ్చరించింది. అప్పటి నుంచి ఇలాంటి పార్శిళ్లను మరింత అనుమానంగానే చూస్తారు.

దేశంలోనే దొరుకుతాయి. హిమాచల్‌లోని లాహౌల్ లోయలో హాప్స్ సాగు ఉంది. అక్కడి చలి, వేసవిలో పొడవైన పగళ్లు దానికి సరిపోతాయి. సిరోంచ ఎండకు తీగ బతికినా సరిగా పూయడం కష్టం. పూతకు ముందు బాగా పాకడానికి దానికి పొడవైన పగలు కావాలి, మనకు అది లేదు. బీరుకు పనికొచ్చేది ఆడ తీగకు కాసే పూగుత్తి మాత్రమే. విత్తనం వేస్తే ఆడదో మగదో పూసేదాకా తెలియదు. అందుకే తెలిసినవాళ్లు విత్తనం జోలికి పోరు, ఆడ మొక్క దుంప ముక్కే నాటుతారు. సరదాకు పందిరి మీద పాకించండి, పూలు వస్తే ఎండబెట్టి వేడినీళ్లలో టీలా కాచుకోండి. పులియబెట్టనంతవరకు చట్టం మీ జోలికి రాదు. ఇంట్లో కుక్క ఉంటే మాత్రం ఆ పూలు దానికి అందనివ్వొద్దు, కుక్కలకు హాప్స్ విషం. కిట్ ఇంకా ఆర్డర్ పెట్టలేదు కాబట్టి పెట్టకండి. అలాంటివి బహిరంగంగా అమ్ముతున్నారు కదా అంటారేమో, అమ్మేవాడికి ఇబ్బంది లేనంత మాత్రాన కొన్నవాడికి లేదని కాదు.

ఆ పిచ్చిమొక్కల విత్తనాలకు ఇచ్చిన డబ్బు వెనక్కి రాబట్టుకోవచ్చు. పీకేసే ముందు ఫోటోలు తీయండి, పొట్లం కవర్, బిల్లు, ప్రకటన స్క్రీన్‌షాట్ ఉంచండి. కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించి అది హాప్స్ కాదని రాయించుకుంటే మంచిది. అమ్మినవాడికి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. స్పందించకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, అమ్మినవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటనంతవరకు ఫీజు లేదు, ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. ఫిర్యాదులో మాత్రం ‘మొక్క పెంచుకోవడానికి కొన్నాను’ అని రాస్తే చాలు. కిట్, డబ్బా, అన్న రెసిపీ ఊసెత్తకండి, ఎందుకంటే అవేవీ మీ దగ్గర ఉండవు కదా.