రంగు చూసి పేరు పెట్టకండి

ఈసారి వచ్చిన గులాబీ ఉత్తరాలన్నిటిదీ దాదాపు ఒకటే గొడవ. కొన్నప్పుడు చెప్పిన పేరు ఒకటి, పూసింది ఇంకొకటి, లేకపోతే అసలు పేరే లేదు. అందుకని కాకర పాదులు, కరివేపాకు తెగుళ్లు వచ్చే నెలకి వాయిదా వేశాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: నర్సరీలో "బ్లాక్ రోజ్" అని చెప్పి 350 రూపాయలకి ఇచ్చారు. మొగ్గ నిజంగానే నల్లగా ఉంటుంది కానీ విచ్చేసరికి ముదురు ఎరుపు, మూడో రోజుకి ఊదాలోకి తిరుగుతుంది. వాసన మాత్రం గదంతా నిండిపోతుంది. ఇది ఏ రకం? నన్ను మోసం చేశారా?
– ఓ పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మోసం అంటే పెద్ద మాట అవుతుందేమో. నల్ల గులాబీ అంటూ ఒక రకం లేదండీ, ముదురు ఎరుపు వాటన్నిటికీ అమ్మేవాళ్లు ఆ పేరు తగిలించేస్తారు. మీరు చెప్పిన నల్లటి మొగ్గ, ఘాటు వాసన, వాడేటప్పుడు ఊదాలోకి తిరగడం, ఇవన్నీ కలిపి చూస్తే నాకు ముగ్గురి మీద అనుమానం: ఫ్రాన్స్‌లో మెయాన్ కుటుంబం 1963లో తెచ్చిన పాపా మెయాన్ (మన నర్సరీల్లో పాపా మీలాండ్ అంటే తెలుస్తుంది), 1964లో అమెరికా నుంచి వచ్చిన మిస్టర్ లింకన్, అదే ఏడు వచ్చిన ఓక్లహోమా. తమాషా ఏంటంటే ఈ ముగ్గురూ సొంత తోబుట్టువులే. ముగ్గురికీ తల్లి క్రైస్లర్ ఇంపీరియల్, తండ్రి చార్లెస్ మాలెరిన్. ఒకే ఇంటి పిల్లలు కాబట్టి పువ్వు కోసి చేతిలో పెడితే ఎంత తెలిసినవాళ్లయినా తడబడతారు.

అందుకే పువ్వు ఒక్కటే చూస్తే సరిపోదు. మీ మొక్క మనిషి ఎత్తు దాటి నిటారుగా వెళ్తూ, పొడుగు కాడకి ఒక్క పువ్వు పూసి, అది పూర్తిగా విచ్చాక గిన్నెలా తెరుచుకుని మధ్యలో కేసరాలు కనపడుతుంటే మిస్టర్ లింకన్ వైపు మొగ్గు చూపండి. మొగ్గ కోసుగా కాకుండా బుడ్డగా ఉండి, రంగు ఇంకా చిక్కగా, రేకలు బాగా ఎక్కువగా ఉంటే ఓక్లహోమా. చలి మొదలవగానే వీధిలో అందరి మొక్కల కంటే ముందు మీ మొక్కకే బూడిద తెగులు పడుతుంటే పాపా మెయాన్ అయ్యుండొచ్చు, ఆయనకి ఆ జబ్బు పాతది. నేను కూడా ఎనిమిదేళ్లు "మా పాపా మీలాండ్" అని వచ్చినవాళ్లందరికీ చూపించుకున్నాను, ఒకరోజు ఒక స్నేహితుడు విచ్చిన పువ్వుని వంచి మధ్యలో ఉన్న పసుపు కేసరాలు చూపించి, మొక్క ఎత్తు చూసి నవ్వాడు. అది మిస్టర్ లింకన్. మా ఆవిడ ఇప్పటికీ దాన్ని పాపా అనే పిలుస్తుంది.

ఇంకోటి, మే నెల పువ్వుతో ఏదీ తేల్చకండి. ఆ ఎండకి పువ్వు చిన్నదవుతుంది, రేకలు తగ్గుతాయి, అంచులు మాడతాయి. అక్టోబర్‌లో కొమ్మలు కత్తిరిస్తే 45, 50 రోజులకి డిసెంబర్ పూత వస్తుంది, రేకలు లెక్కపెట్టాలన్నా ఫొటో తీయాలన్నా అప్పుడే. ఒకటి కాదు, మూడు నాలుగు పువ్వులు చూడండి.

ప్రశ్న: రెండేళ్ల క్రితం కడియం వెళ్లినప్పుడు పసుపు గులాబీ తెచ్చాం, అక్కడే కుండీలో పువ్వు చూసి మరీ కొన్నాం. మొదటి ఏడాది చక్కగా పూసింది. ఈ ఏడు మొక్క ఏపుగా గుబురుగా పెరిగింది కానీ గుత్తులు గుత్తులుగా చిన్న తెల్ల పూలు, ఒక్కోదానికి అయిదు రేకలే. నేల మారితే రంగు మారుతుందా?
– ఓ పాఠకుడు, తాడేపల్లిగూడెం

జవాబు: నేల మారితే పసుపు గులాబీ ఇలా గుత్తుల తెల్ల పూల మొక్క అయిపోదండీ. మొక్కే మారిపోయింది. నర్సరీ వాళ్లని తిట్టకండి, మీ కుండీలో ఒకటి కాదు రెండు మొక్కలున్నాయి. గులాబీని కంటి అంటు కడతారు కదా, అంటే గట్టిగా వేళ్లూనే ఒక నాటు మొక్క కాండానికి చీలిక పెట్టి, అందులో మనకి కావలసిన రకం కన్ను దూర్చి పట్టీ చుడతారు. పైన పూసేది పసుపు రకం, కింద వేళ్లు వేరేవాళ్లవి. ఆ కింది మొక్క మీ విషయంలో మల్టీఫ్లోరా అని నా నమ్మకం, గుత్తులుగా అయిదు రేకల చిన్న తెల్ల పూలు దాని గుర్తు. అంటు కింద నుంచి వచ్చిన పిలకని మీరు "అబ్బ, ఎంత ఏపుగా వస్తోందో" అని ముచ్చటపడి వదిలేసుంటారు. అది పై మొక్క తిండి అంతా లాగేసింది.

ఇప్పుడు ఒక పని చేయండి. పూసిన కొమ్మ నుంచి ఒక ఆకు తుంచి, కాడ మొదట్లో కొమ్మకి అతుక్కునే చోట రెండు పక్కలా ఉండే చిన్న రెక్కలు చూడండి. మామూలు గులాబీలో అవి నున్నగా ఉంటాయి. మల్టీఫ్లోరాకి ఆ రెక్కల అంచు దువ్వెన పళ్లలాగా, కనురెప్పల వెంట్రుకల్లాగా చీలి ఉంటుంది. ఒకసారి చూస్తే మళ్లీ మర్చిపోరు. "కాడకి అయిదు ఆకులుంటే మంచి గులాబీ, ఏడుంటే అడవిది" అని చాలామంది చెప్తారు, అది సగం నిజమే, మంచి రకాలు కూడా అప్పుడప్పుడు ఏడాకులు వేస్తాయి. ఆ లెక్క నమ్మి మంచి కొమ్మలు కోసేసుకున్నవాళ్లు నాకు తెలుసు.

తర్వాత మొదలు దగ్గర మట్టి కాస్త తోడి, ముడిలా ఉబ్బిన చోటు వెతకండి, అదే అంటు. దాని పైన పసుపు కొమ్మ ఇంకా పచ్చిగా ఒక్కటున్నా చాలు, కింద నుంచి వచ్చిన పిలకలన్నీ పుట్టిన చోటుకి పట్టుకుని లాగి పీకేయండి. కత్తిరించొద్దు, కత్తిరిస్తే మొదట్లో ఉన్న కళ్ల నుంచి ఒకటికి నాలుగు వస్తాయి. ముడి పైన అంతా ఎండిపోయి ఉంటే మాత్రం ఎన్ని ఎరువులు వేసినా పసుపు పువ్వు తిరిగి రాదు. అయితే గట్టి వేళ్లున్న మొక్క చేతిలో ఉంది, చలికాలంలో దాని మీదే కొత్త కన్ను కట్టించుకోవచ్చు.

ప్రశ్న: మేము హ్యూస్టన్ దగ్గర కేటీలో ఉంటాం. కొన్న పాత ఇంటి ఫెన్స్ దగ్గర ఒక గులాబీ ఉంది, పెద్ద గులాబీ రంగు పూలు, రేకలు తక్కువ, చలికాలంలో నారింజ రంగు కాయలు. పక్కింటావిడ "కేటీ రోడ్ పింక్" అంది. ఆ పేరుతో నర్సరీలో అడిగితే ఇంకో పేరు చెప్పారు. ఏది నమ్మాలి?
– ఓ పాఠకురాలు, టెక్సస్

జవాబు: ఇద్దరూ నిజమే చెప్పారు! టెక్సస్‌లో పాత ఇళ్ల దగ్గర, శ్మశానాల్లో, రోడ్ల పక్కన పేరు తెలియని గులాబీలు వెతికి కొమ్మలు తెచ్చి నాటుకునేవాళ్లున్నారు, రోజ్ రస్లర్స్ అంటారు. పేరు తెలిసేదాకా దొరికిన ఊరు పేరో, ఇచ్చినావిడ పేరో పెట్టి పిలుస్తారు. మీ కేటీ రోడ్డు పక్కన దొరికింది కాబట్టి కేటీ రోడ్ పింక్. తర్వాత తేలిందేంటంటే అదేం పురాతన గులాబీ కాదు, అయోవా స్టేట్ యూనివర్సిటీలో గ్రిఫిత్ బక్ 1977లో విడుదల చేసిన కేర్‌ఫ్రీ బ్యూటీ. కాయలు కూడా సరిపోయాయి కాబట్టి మీది అదేనని నాకు బాగానే నమ్మకం. మీ ఊళ్లో పార్కింగ్ లాట్ల నిండా కనిపించే నాకౌట్ గులాబీలో కూడా దీని రక్తం ఉంది.

మీకు పనికొచ్చే చిట్కా ఒకటి. ఇంగ్లీష్ లేబుల్ మీద పేరు రెండేసి కోట్ గుర్తుల మధ్య ఉంటే అది దొరికిన గులాబీకి పెట్టిన తాత్కాలిక పేరు, ఒక్కో గుర్తు ఉంటే అసలు రకం పేరు. అలాగే మీ వైపు ఏ గులాబీ అయినా ఉన్నట్టుండి పొడుగాటి కొమ్మలు చాచి, వసంతంలో ఒక్కసారి మాత్రం ముదురు ఎర్రటి పూలు పూస్తే దాన్ని కొత్త రకం అనుకోకండి. అది డాక్టర్ హ్యూయీ అనే గులాబీ. ఇక్కడ అంటు కింద వేళ్లుగా మల్టీఫ్లోరా చేసే పని అక్కడ చాలా చోట్ల ఆయన చేస్తాడు. తాడేపల్లిగూడెం వారికి ఇచ్చిన జవాబే మీకూను.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో నీలం గులాబీ విత్తనాలు, 50 గింజలు 99 రూపాయలు. కొనమంటారా?
– ఓ విద్యార్థి, నంద్యాల

జవాబు: వద్దు నాన్నా. గులాబీ రకాలు గింజ నుంచి తల్లిలాగా రావు, అంటుతోనో కొమ్మతోనో రావాలి. అసలు నీలం గులాబీయే లేదు, జన్యువు మార్చి జపాన్ వాళ్లు ఎంతో కష్టపడి తెచ్చింది కూడా లేత ఊదా రంగే. ఫొటోలో ఉన్నది సిరా, లేకపోతే కంప్యూటర్.

ప్రశ్న: మా నాయనమ్మ పుట్టింటి నుంచి తెచ్చి నాటిన గులాబీ. ముద్దగా, గులాబీ రంగులో, మంచి వాసన, పూజకి రోజూ నాలుగైదు పూలు, ఏడాదంతా పూస్తుంది. మధ్యాహ్నానికి రేకలు రాలిపోతాయి. అందరూ పన్నీరు గులాబీ అంటారు. నిజంగా అదేనా?
– ఓ పాఠకురాలు, అంబాజీపేట

జవాబు: పన్నీరు గులాబీ అని మనవాళ్లు రెండు వేరే మొక్కల్ని పిలుస్తారు. కన్నౌజ్ అత్తర్లకి వాడేది డమాస్క్, దానికి ఆకు అడుగున మెత్తటి నూగు ఉంటుంది, పూత ప్రధానంగా ఏడాదికి ఒక్క కారే. రెండోది ఎడ్వర్డ్ గులాబీ, హిందూ మహాసముద్రంలో ఇప్పుడు రీయూనియన్ అంటున్న బూర్బాన్ దీవిది, డమాస్క్‌కీ చైనా గులాబీకీ పుట్టిన సంతానం. మీది ఏడాది పొడుగునా పూస్తోందంటే నేను ఎడ్వర్డ్ వైపే ఉంటాను. ఆకు తిప్పి అడుగున వేలితో రాసి చూడండి, నున్నగా ఉంటే డమాస్క్ కాదని తేలినట్టే.

తాడేపల్లిగూడెం వారికి ఇచ్చిన జవాబు చదివి పిలకలు మాత్రం పీకేయకండి! నాయనమ్మ గారు కొమ్మ గుచ్చి పెంచిన మొక్క అయితే అది సొంత వేళ్ల మీద ఉంటుంది, కింద నుంచి ఏది వచ్చినా అదే గులాబీ. ముందు పెన్సిల్ లావు కొమ్మలు రెండు మూడు గుచ్చి ఇంకో మొక్క చేసి పెట్టుకోండి, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది. లేబుల్ మీద ఎడ్వర్డ్ అని ఇప్పుడే రాయకండి, "నాయనమ్మ గులాబీ" అని, పుట్టిల్లు ఏ ఊరో, ఏ సంవత్సరం నాటారో కనుక్కుని అది రాయండి. స్కెచ్ పెన్‌తో కాదు, అది మన ఎండకి ఒక్క వేసవి కూడా ఆగదు. మామూలు పెన్సిల్ చాలు.